కొంగు మీది నల్ల పెట్టె

నిన్న గవర్నరుపేటలో చెవి మిషన్లమ్మే షాపుకి వెళ్ళాను. చిక్కుడు గింజంత మిషన్‌ని నా అరచేతిలో పెట్టి, "పెట్టుకున్నట్టు ఎవరికీ తెలియదు ఆంటీ" అంది అక్కడి అమ్మాయి, అదేదో పెద్ద వరమైనట్టు. నాకు ఒళ్ళు మండింది. పాపం, ఆ పిల్లకు మా మేనత్త సంగతి తెలియదు.

డెబ్భైలలో మాట. కంకిపాడు దగ్గర మా ఊరి చర్చిలో అత్తయ్య ఆదివారం పిల్లల బడి నడిపేది. పెళ్ళి చేసుకోలేదు, వారమంతా ఆ గంట కోసమే ఎదురుచూసేది. మెల్లగా వినికిడి తగ్గింది. మేం బైబిలు కంఠతా వాక్యాలు తప్పుల తడకగా అప్పజెప్పినా "శభాష్" అనేది. మాకు హాయిగానే ఉండేది గానీ సంఘ పెద్దగారికి నచ్చలేదు. వచ్చే వారం నుంచి బడి ఇంకొకరు చూసుకుంటారని చెప్పేశారు. మర్నాడే అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని బెజవాడ బస్సెక్కింది.

షాపాయన రెండు మిషన్లు చూపించాడు. ఒకటి సన్నగా, ముద్దుగా ఉంది. రెండోది సిగరెట్ పెట్టెంత నల్లటి డబ్బా; దాన్నుంచి చెవిదాకా తీగ. "చిన్నది తీసుకోండమ్మా, జాకెట్టు లోపల పెట్టుకుంటే ఎవరి కంటా పడదు" అన్నాడు. అత్తయ్య అలాగే పెట్టుకుని చూసింది. బట్ట రాసుకుని చెవిలో ఒకటే గరగర. "నా చీర చప్పుడు వినడానికా బస్సెక్కి వచ్చింది?" అంటూ నల్లదాన్ని చీర పైనే తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. రోడ్డుకి అవతల జామకాయలమ్మే మనిషి కేక వినపడగానే ఆమె మొహం చూడాలి! ఆ నల్లదే కొన్నది.

మా చర్చిలో ఆడవాళ్ళు తలమీద కొంగు వేసుకోవాలి. ఆ కొంగు పెట్టెను కప్పితే మళ్ళీ గరగరే. అందుకని ఆదివారం అత్తయ్య తలనిండా కొంగు కప్పుకుని, పెట్టెను గుండెల దగ్గర ఆ కొంగు పైనే, అందరికీ కనపడేలా పిన్నీసుతో పెట్టుకుంది. గుమ్మంలోనే సంఘ పెద్దగారు అడ్డు తగిలారు.

"దేవుడి మందిరంలోకి ట్రాన్సిస్టరేంటమ్మా? క్రికెట్ కామెంటరీ వింటావా?"

"ఇది నా చెవండీ. మీవి తలకున్నాయి, నాది ఇక్కడుంది."

"అయితే లోపల పెట్టుకోవచ్చుగా? నలుగురూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. మీరు కళ్ళజోడు జేబులో పెట్టుకుని చదువుతారా?"

అంతటితో ఆగలేదు. ఎవరైనా ఒక పిల్ల వాక్యం చెప్పాలని, తప్పు పట్టుకోలేకపోతే బడి తానే వదిలేస్తానని పందెం కాసింది. "కానీ ఫ్యాన్లు ఆపాలండీ. ఆ హోరంతా పెట్టెలోకొస్తుంది. పిల్ల నాకెదురుగా నిలబడాలి."

"మే నెలమ్మా, ఉడికిపోతాం!"

"చెమటైతే తుడుచుకోవచ్చండీ. వినపడని మాటని నేనేం చేసుకోను?"

లోపల్నుంచి ఇదంతా వింటున్న పాస్టరు అయ్యగారు నవ్వుతూ లేచి తనే స్విచ్‌లు కట్టేశారు. సంఘ పెద్దగారి వేలు, నా ఖర్మ కొద్దీ, నామీదే ఆగింది. అలవాటు ప్రకారం వాక్యాన్ని గబగబా దొర్లించేశాను. చర్చంతా అత్తయ్యనే చూస్తోంది.

"మళ్ళీ చెప్పు. మధ్యలో ఒక మాట మింగేశావు."

నేను ఏడ్చాను. అత్తయ్య మాత్రం చిన్నపిల్లలా నవ్వింది. ఆమె ఉన్నన్నాళ్ళూ పిల్లల బడి గంటలో ఫ్యాన్లు తిరగలేదు. సంఘ పెద్దగారు ఇంటి నుంచి విసనకర్ర తెచ్చుకునేవారు.

"అందరికీ కనపడేది చూపించమ్మా" అన్నాను నిన్న ఆ షాపు పిల్లతో. ఆశ్చర్యపోతూనే ఎర్రటిదొకటి తీసింది. ఈ యాభై ఏళ్ళలో ఆ పెట్టె గింజంత అయింది గానీ, దాచుకోమనే మాట అలాగే ఉంది. జవాబు చెప్పే వంతు మాత్రం అత్తయ్య నుంచి నాకొచ్చింది.