పెద్ద సైటులో నారింజపూల నీరు

ఏప్రిల్‌లో నాబుల్ ఊరి గాలిని గ్లాసులో పట్టుకుని తాగొచ్చు. డాబాల మీద తెల్లటి దుప్పట్లు, వాటి నిండా చేదు నారింజ పూలు. వసీలా ఆ పూలను రాగి బట్టీలో మరిగించి, ఆవిరిని చుక్క చుక్కగా సీసాల్లోకి దించుతుంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ అదే పని. అయినా ఆ పూలనీటికి ఆమె పేరు లేదు. ఏటా టోకు వర్తకుడు హబీబ్ బండి వేసుకొచ్చి, అందరి నీటితో కలిపి పీపాల్లో పోసుకుపోతాడు.

ఈసారి అలా పోనివ్వకూడదని సొంత వెబ్‌సైటు పెట్టుకుంది. గూగుల్‌లో ఎంత వెతికినా అది ఎవరికీ కనపడలేదు.

"నీ సైటు నిన్న పుట్టిన పసిగుడ్డు వదినా, దాన్నెవరు నమ్ముతారు?" అంది ఆడపడుచు జన్నత్. "ఆ పాత వంటల సైటు ఉంది చూడు, ఊరందరికీ తెలిసింది. పాఠకులు రాసినవి వేస్తారు, దుకాణం లింకు కూడా పెట్టనిస్తారు. అందులో రాయి. దాని పరపతితో నువ్వూ పైకొస్తావు."

వసీలా రాసింది. ఎండ ముదరకముందే పూలు ఎందుకు కోయాలో, మొదట దిగే నీటికి ఆ ఘాటు ఎక్కడిదో, కల్తీని ముక్కుతో ఎలా పట్టాలో.

వారం తిరక్కుండానే జన్నత్ ఫోను ఊపుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"వదినా! మొదటిది! పూలనీరు అని వెతగ్గానే మొట్టమొదట నీ వ్యాసమే!"

వసీలా తడిచేతులతోనే ఆమెను వాటేసుకుంది. గుండెలో పిట్టల గుంపు లేచినట్టయింది. అంతలో వ్యాసాన్ని చివరిదాకా జరిపి చూసిన జన్నత్ మొహం మాడిపోయింది.

"నీ పేరేది? లింకేది?"

"పరాయి ఇంటికెళ్ళి నా సరుకు నేనే పొగుడుకోనా? సిగ్గు కాదుటే? వీధిలో అందరి నీళ్ళూ మెచ్చుకుని వచ్చేశా."

"బాగుంది! కుస్‌కుస్ వండి ఊరంతా పిలిచి, ఇల్లెక్కడో చెప్పలేదన్నమాట! రేపే హబీబ్ బండి వస్తుంది, ఆ సిగ్గు కూడా పీపాలో పోసి పంపు."

వ్యాసం కింద ప్రశ్నలు బారులు తీరాయి. ఈ నీరు ఎక్కడ దొరుకుతుంది? ఎవరు చేస్తారు? 'మా అమ్మ కాఫీలో ఇదే వాసన, ఒక్క సీసా ఇప్పించండి' అని సముద్రం అవతల మార్సెయ్ నుంచి ఎవరో.

వసీలా కళ్ళు మెరిశాయి.

"అడిగాక చెప్పకపోతే అదీ మర్యాద కాదు కదే?"

"కాదంటే కాదు! టైపు కొట్టు!"

'నా పేరు వసీలా. నాబుల్‌లో ఉంటాను. నీరు నేనే చేస్తాను.' కింద లింకు.

తెల్లారేసరికి ఆర్డర్లు పూలవానలా కురిశాయి. వీధిలో హారన్ మోగింది. వసీలా పిట్టగోడ మీంచి వంగింది.

"ఈ ఏడాది నీళ్ళు లేవు హబీబ్! అన్నీ అమ్ముడుపోయాయి!"

"ఎవరికమ్మా?"

"నా పేరు అడిగినవాళ్ళకి!"