నాన్న గొంతు, నీలం తెర

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మా ఇంట్లో కీడెంచే పని ఎప్పుడూ నాదే. నాన్న గొంతులో ఉన్నది కేన్సరేనని, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని కలకత్తా డాక్టరు చెప్పిన రోజున అమ్మ ఏడుస్తుంటే, నాకు ముందుగా తట్టింది ప్రతి ఆదివారం ఆయన నాయనమ్మకి చేసే ఫోను.

నాన్న టాటానగర్ రైల్వే యార్డులో వేగన్లు షంటింగు చేయించే జమాదారు. ఇంజన్ల రొదని దాటి అరిచి అరిచి తయారైన గొంతు ఆయనది. బర్మామైన్స్‌లో మా క్వార్టర్లో అమ్మని మంచినీళ్ళు అడిగితే పక్కింటివాళ్ళు పలికేవారు. నాయనమ్మ ఖరగ్‌పూర్‌లో మా మేనత్త దగ్గర ఉండేది. కళ్ళు రెండూ పోయాయి. కొడుకంటే ఇక ఆవిడకి ఆ గొంతే. చిన్నకొడుకు, అంటే మా బాబాయి, ఆపరేషన్ బల్ల మీద పోయినప్పుడు ఆవిడ తిండి మానేసి చావు దాకా వెళ్ళొచ్చింది. "మాయమ్మకి మాత్రం తెలీకూడదు," అన్నాడు నాన్న. ఆ మాట మీద మొండికేశాడు.

ఉపాయం నాదే. నేను అప్పుడే హార్డ్‌వేర్ కోర్సు ముగించి, ఇంట్లో సొంతంగా ఒక కంప్యూటరు బిగించుకున్నాను. ఆదివారం ఫోనులో నాన్న మాట్లాడేవి ఎప్పుడూ అవే మాటలు. అమ్మా, తిన్నావేటి. మందులేసుకున్నావేటి. ఇక్కడందరం బాగున్నాం. సరే మరి, ఉంటాను. వాటిని విడివిడిగా రికార్డు చేసి ఉంచుకుంటే, రిసీవరు స్పీకరు దగ్గర పెట్టి, ఆవిడ అడిగినదానికి తగ్గట్టు ఏ మాటకా మాట నొక్కొచ్చు. టేపులో అయితే వెతికి తిప్పేలోపే పట్టేసుకుంటుంది. నాన్న "సరే, సెయ్యి," అన్నాడు. అప్పటికే గొంతు రోజురోజుకీ బొంగురుపోతోంది.

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది నా కంప్యూటరు పని. పాటలు బ్రహ్మాండంగా వినిపించేది. మైకు పెట్టి రికార్డు నొక్కితే మాత్రం కాసేపటికే బిగుసుకుపోయేది. బిగుసుకుపోయి ఊరుకున్నా బాగుండేది. నాన్న అన్న చివరి ముక్క స్పీకర్లలో ఇరుక్కుపోయి, మ్మా మ్మా మ్మా మ్మా అని ఆగకుండా కొట్టుకునేది. తర్వాత తెర నీలంగా మారేది. దాని మీద ఏం రాసుందో చదివేలోపే ఆరిపోయి, మళ్ళీ మొదటి నుంచి లేచేది. రికార్డు చేసింది గాలికి పోయేది.

మొదటిసారి విన్నప్పుడు నాన్న మైకు కింద పెట్టేశాడు. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఏటే అది? ఆపెయ్యి. ఆ మాట నాకు ఇనబడకూడదు," అంది. ఆ తర్వాత మేం రికార్డింగుకి కూర్చున్నప్పుడల్లా పెరట్లోకి వెళ్ళిపోయేది. నాకూ భయం వేసింది. మనిషి నోట్లోంచి పోబోయే మాట యంత్రంలో ముందే తెగిపోతోందని అనిపించింది. చదువుకున్నదాన్ని, ఇలాంటివి నమ్మకూడదు. కానీ ఆ రోజుల్లో అన్నీ నమ్మాను.

జబ్బు ఏదో తెలియకపోతే ఊరంతా వైద్యులే. ఒకరు వోల్టేజి అన్నారు, స్టెబిలైజరు పెట్టాను. ఒకరు వేడి అన్నారు, డబ్బా మూత విప్పి టేబుల్ ఫ్యాను తిప్పాను. లోపలి మెమరీ పలక తీసి, దాని అంచు రబ్బరుతో రుద్దాను. అన్నిటికీ కాసేపు బాగానే ఉన్నట్టు నటించి, నాన్న నోరు తెరవగానే చచ్చేది. దాన్ని ఎత్తి వీధిలో పారెయ్యాలన్నంత కోపం వచ్చేది నాకు. నాన్న మాత్రం విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టేవాడు. అమ్మా, తిన్నావేటి.

చివరికి ఒక సాయంత్రం, పడిపోగానే తనంతట తాను మళ్ళీ లేవకుండా ఉండేలా సెట్టింగు మార్చాను. ఈసారి నీలం తెర అలాగే నిలబడింది. అందులో ఒక ఫైలు పేరు ఉంది. అది సౌండ్ కార్డుది. విషయం అప్పుడు అర్థమయింది. సాక్చీ బజారులో నాకు కొత్త విండోస్ ఎక్కించిన దుకాణం వాడు, సౌండ్ కార్డుకి మాత్రం పాత విండోస్ కోసం చేసిన డ్రైవరే, అంటే ఆ కార్డుని నడిపించే సాఫ్ట్‌వేరే, వేసేశాడు. వద్దని విండోస్ హెచ్చరించినా కానీ కానీ అని ముందుకి తోసేసి ఉంటాడు. వినిపించడం వరకూ ఆ డ్రైవరుకి చేతనయింది. వినడం చేతకాక మొత్తం మిషన్ని పడగొట్టేస్తోంది. కొత్త డ్రైవరు ఇంటర్నెట్లో దొరుకుతుంది. ఇంట్లో కనెక్షన్ లేదు. పొద్దున్నే సైబర్ కేఫ్‌కి పోవాలి.

పొద్దున్న లేస్తే విశ్వకర్మ పూజ. కర్మాగారాల మా ఊరి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఆ రోజు కొలిమి నుంచి కుట్టుమిషన్ దాకా ఏ పనిముట్టూ ముట్టుకోరు. కడిగి, బొట్టు పెట్టి, దండ వేసి, దండం పెడతారు. సాక్చీ దాకా టెంపోలో వెళ్ళాను. ఒక్క కేఫ్ కూడా తెరవలేదు. ఒకచోట అద్దంలోంచి చూస్తే మానిటర్లన్నిటికీ బంతిపూల దండలు వేసున్నాయి, తెరలు నల్లగా ఉన్నాయి. ఫోటోకి దండ వేస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

ఇంటికొచ్చేసరికి నాన్న నా కంప్యూటరుకీ బొట్టు పెట్టి ఉంచాడు. మర్నాడు మధ్యాహ్నం బండికి కలకత్తా ప్రయాణం. అటునుంచి అటే ఆపరేషను.

"పాత డ్రైవరు తీసేసి ఏదో ఒకటి సూత్తాను నాన్నా, ఒక్కసారి ఆన్ చెయ్యనీ," అన్నాను.

"ఇయ్యాల దానికి ఛుట్టీ. ముట్టుకోకు," అన్నాడు. ఆ మాట కూడా సగం గాలిగా వచ్చింది.

"రేపటికి నీ గొంతు ఉంటాదో లేదో."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయనకి కోపం రాలేదు. "సర్వీసంతా ఈ రోజు ఇంజను ముట్టలేదు. దేవుడి కాడికి బయల్దేరేముందు ఆయనతోనే పేచీ పెట్టుకోమంతావేటి?" అన్నాడు. నేను పెరట్లోకి పోయి అమ్మ పక్కన కూర్చున్నాను.

మర్నాడు కేఫ్ షట్టరు ఎత్తేటప్పటికే నేను గుమ్మంలో ఉన్నాను. డ్రైవరు దించి, సీడీ మీద రాయించి, ఇంటికొచ్చి, పాతది పీకేసి కొత్తది వేశాను. అమ్మ పెట్టెలు సర్దుతోంది. నాన్న కూర్చున్నాడు. గొంతు గీరుకుపోయినట్టు వస్తోంది, అయినా ఆయనదేనని తెలుస్తోంది. ఒక్కో మాటా పలికాడు. తెర నీలం కాలేదు. అన్నీ దొరికాయి.

సరి చూసుకుందామని వాటిని వినిపించాను. అప్పటికి నాన్న వంటింట్లో నీళ్ళు తాగుతున్నాడు. ఇవతల గదిలోంచి ఇక్కడందరం బాగున్నాం అని ఆయన గొంతు వచ్చింది. అమ్మ చేతిలో చీర మడత పట్టుకుని ఒకసారి వంటింటి వైపు, ఒకసారి స్పీకర్ల వైపు చూసింది. నేను గెలిచానని సంతోషపడాల్సిన సమయం అది. నేను స్పీకర్లు ఆపేశాను.

ఆపరేషన్ అయింది. నాన్న బతికి వచ్చాడు. మెడ కింద రంధ్రం, దాని మీద గుడ్డ. ఊపిరి అక్కడి నుంచే వచ్చేది, పెద్ద చప్పుడుతో. ఈలోపు ఆదివారాలన్నీ, సంగతి తెలిసిన మేనత్త నాన్నకి ఏవో డ్యూటీలున్నాయని నాయనమ్మకి చెప్పి నెట్టుకొచ్చింది. ఇంక ఆగదు, ఫోను చెయ్యండి అంది.

నాన్న కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చున్నాడు. రిసీవరు స్పీకరు దగ్గర పెట్టి, నేను చెవి ఆనించాను. అమ్మా, తిన్నావేటి. తిన్నానురా అంది నాయనమ్మ. మందులేసుకున్నావేటి. ఏసుకున్నాను అంది. మిషను ఒక్కసారి కూడా తడబడలేదు.

"నిన్న బాత్రూములో జారిపోయాన్రా," అంది నాయనమ్మ. "మోకాలు వాసిపోనాది."

దానికి మా దగ్గర మాట లేదు. నాన్నకీ వినబడింది, లేచి నిలబడ్డాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఆలస్యమైపోతోందని నేను ఉన్నదాంట్లోంచి ఒకటి నొక్కాను. ఇక్కడందరం బాగున్నాం, అంది యంత్రం.

నాయనమ్మ నన్ను పిలిచింది.

"గొంతు ఆడిదే," అంది. "మరి ఆడేడే?"

నాన్న నా చేతిలోంచి రిసీవరు తీసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకోలేదు. గుడ్డ పక్కకి జరిపి, మెడ కింద రంధ్రం దగ్గర పెట్టుకున్నాడు. ఊపిరి గరగరలాడుతూ వెళ్ళింది, వచ్చింది. అలా చాలాసేపు ఉన్నాడు. అటునుంచి నాయనమ్మ మాట సన్నగా గదిలోకి వినిపించింది.

"సరే నాయినా. నువ్వు మాటాడకు. నాను సెప్తాను, ఇను."

అని, బాత్రూములో ఎలా జారిపడిందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.