పురిటింటి చెట్టు

మొన్న ఆదివారం పొద్దున హుకుంపేట అవతలి కొండ ఊరినుంచి ఫోనొచ్చింది, అప్ప పోయిందని. పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయాను. అక్కను పిలిచినట్టు ‘అప్పా’ అని పిలిచేదాన్నే గానీ, ఆమె నాకు తోడబుట్టింది కాదు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో తన ఇంట్లో చోటిచ్చి అన్నం పెట్టిన మనిషి.

అడవి జంతువుల చదువు చదువుకుని, కాఫీతోటల్లోని పాత అడవిచెట్లు కొట్టవద్దని రైతులకు నచ్చజెప్పే పనిమీద ఆ కొండలెక్కాను. వాటి చోట బేగి ఎదిగే సిల్వర్ ఓక్ వేసుకుంటే మిరియాల తీగ పాకించుకోవచ్చు, కలపా అమ్ముకోవచ్చు అన్నది వాళ్ళ లెక్క. కాదనడానికి నా దగ్గర మాటలు తప్ప ఏమున్నాయి గనుక! అప్ప తోటలో ఒక ముసలి చెట్టు తొర్రలో ఏటా హార్న్‌బిల్ అనే పెద్దముక్కు పిట్టల జంట గూడు పెట్టేది. ఆడపిట్ట లోపల కూర్చుని తొర్రను మూసేసుకుంటే, మిగిలిన సన్నని సందులోంచి మగపిట్ట పళ్ళు అందిస్తుందని నేను చెబుతుంటే, తన మొగుడు బతికున్నన్నాళ్ళూ ఒక్క పండైనా తెచ్చిపెట్టలేదని అప్ప నవ్వేది.

తోటలో సగం, ఆ చెట్టున్న వైపు, ఆమె మరిదిది. గాలివానకు ఇల్లు కూలి, కొత్తది కట్టుకోడానికి ఆయన కలప వ్యాపారితో మాట్లాడుకున్నాడు. ఎండాకాలంలో ఒకరోజు రంపాలతో మనుషులొచ్చారు. తొర్రలో పిల్లలున్నాయని నేనెంత బతిమాలినా వినలేదు. అప్ప వెళ్ళి చెట్టుకు వీపానించి కూర్చుంది.

“పురిటింటి మీద రంపం ఎట్టెత్తారేటి? పిల్లలెగిరెల్లాక రండి,” అంది.

మరిది తలవంచుకున్నాడు. వచ్చినవాళ్ళు వెనుదిరిగారు.

తొలకరి ముందర పిల్లలు ఎగిరిపోయాయి. ఆ వారంలోనే చెట్టు కూలింది. అప్ప అడ్డుపడలేదు.

“వానలో ఇల్లు లేనోడిని ఇంకెన్నాళ్ళాపమంటావే గుంటా?” అని నన్నే అడిగింది.

మరుసటి ఏడు ఆ జంట వచ్చి, చెట్టులేని చోట కాసేపు తిరిగి తిరిగి వెళ్ళిపోయింది. కాఫీపళ్ళు ఏరడానికైనా అప్ప మళ్ళీ ఆ వైపు పోలేదు.

ఇప్పుడు ఆ వాలంతా తిన్నగా బారులు తీరిన సిల్వర్ ఓక్. చూడవచ్చిన పడుచువాళ్ళు ఎంత ప్రశాంతంగా ఉందోనని మురిసిపోతారు. వాళ్ళ తప్పేం లేదు. నెత్తిమీద ఎవరో పెద్ద చేట విసురుతున్నట్టుండే ఆ పిట్టల రెక్కల చప్పుడు ఎన్నడూ వినని చెవులకు, అది లేకపోవడం మాత్రం ఎలా వినిపిస్తుంది? అది వినిపించేది మా బోటి కొద్దిమందికే. వారిలో అప్ప కూడా ఇక లేదు.