ఐరన్ మాత్ర, రెండు గ్లాసులు

భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు ఊళ్లో తవిటమ్మ పాతికేళ్లుగా చేపలు అమ్ముతోంది. ఏ సంగతీ ఊరికే నమ్మే రకం కాదు. ఇప్పుడే వలలోంచి తీశానని మొగుడు కొండబాబు చెప్పినా సరే, మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూశాకే చేపను గంపలో వేసుకుంటుంది.

అలాంటి మనిషికి నలభై ఆరో ఏట రెండు వింతలు పట్టుకున్నాయి. ఒడ్డు నుంచి ఆటో ఆగే రోడ్డు దాకా ఇసుకలో నడిచేసరికి గుండె దడదడలాడి, దారిలో రెండుసార్లు గంప దించాల్సి వచ్చేది. రెండో వింత ఎవరితోనూ చెప్పుకునేది కాదు. పచ్చి బియ్యం కనిపిస్తే చెయ్యి ఆగేది కాదు. కొంగున ముడేసుకుని ఆటోలో కూడా నముల్తూ కూర్చునేది. డబ్బాలో బియ్యం తరిగిపోతున్నాయని కోడలు యమున ఎలుకల బోను తెచ్చి పెట్టింది.

ఒకనాడు ఊళ్లో రక్తపరీక్షలు పెట్టారు. ఆరోగ్య కేంద్రం నర్సు ఉష తవిటమ్మను కూర్చోబెట్టి కంటి కింది రెప్ప లాగి చూసింది.

"ఏటమ్మా, నా మొప్పలు సూస్తన్నావా?" అంది తవిటమ్మ.

"అంతే పిన్నీ. తెల్లగా పాలిపోయున్నాయి" అని ఉష నవ్వి, వేలు గుచ్చి చుక్క రక్తం తీసి మిషన్‌లో పెట్టింది. అది హిమోగ్లోబిన్ ఏడు అని చూపించింది.

"ఏడంటే ఎంతకేటి?"

"పన్నెండుండాలి పిన్నీ."

"మరి మిగతా అయిదూ ఎటెళిపోనాయి?"

ఉష ఆ ప్రశ్ననే పట్టుకుని నెలసరి గురించి అడిగింది. రెండేళ్లుగా నెలకు పది రోజులు పోతోందని, వయసు మీద పడుతోంది కదా అని ఊరుకున్నానని తవిటమ్మ గొంతు తగ్గించి చెప్పింది. ఆ తర్వాత ఉష మామూలుగానే ఇంకోటి అడిగింది. "మట్టి గానీ బియ్యం గానీ తినబుద్ధవుతాదా?"

తవిటమ్మ ఉలిక్కిపడి మిషన్ వంక చూసింది. "అది కూడా సెప్పీసిందేటి ఇది?"

"మిషన్ కాదు పిన్నీ. ఒంట్లో ఇనుము తగ్గితే కొందరికి అలాగే అవుతాది."

ఉష పంపిస్తే వెళ్లిన పెద్దాసుపత్రిలో స్కానింగ్ తీస్తే గర్భసంచిలో చిన్న గడ్డ కనిపించింది. రక్తస్రావం తగ్గడానికి డాక్టరమ్మ మందు రాసింది. దానితో పాటు ఐరన్ మాత్రలు. వాటికి అటూ ఇటూ గంటసేపు టీ తాగొద్దని ఉష మరీ మరీ చెప్పింది. తవిటమ్మ తలూపింది కానీ, తెల్లారకముందే ఒడ్డున పడవ కోసం చూస్తూ తాగే టీని ఎలా వదులుకుంటుంది? మాత్ర ఆ టీతోనే మింగేసింది.

వారం తిరక్కుండానే దొడ్డికి నల్లగా అయింది. కడుపులో ఏదో మాడిపోతోందని భయపడి నాలుగు రోజులు మాత్రలు మానేసింది. అయిదో రోజు చేపలమ్మి వస్తూ నేరుగా ఉష దగ్గరికి వెళ్లింది.

"తారులాగ జిగటగా ఉన్నాదా?" అని అడిగింది ఉష.

"లేదు. ఉత్త నలుపే."

"అయితే భయం లేదు. ఒంటికి పట్టని ఇనుము అలాగే పోతాది. దేంతో మింగుతన్నావు?"

"టీతో."

"అందుకే కదా వద్దన్నాను! పట్టేది కూడా పట్టనీదు."

"టీ దాన్నేటి సేస్తాది?"

"పట్టుకుని వదలదంట. మా ట్రైనింగులో సెప్పినారు."

"నువ్వు కళ్లారా సూసినావేటి?"

ఉష చూడలేదు.

ఇంటికొచ్చి తవిటమ్మ రెండు గాజు గ్లాసులు కడిగింది. ఒకదాంట్లో పాలు పోయని టీ, ఇంకోదాంట్లో నిమ్మకాయ నీళ్లు పోసింది. ఒక మాత్రను రోట్లో నూరి చెరో సగం వేసి కలిపింది. నిమ్మనీళ్లు కాస్త ఎరుపెక్కాయంతే. టీ మాత్రం చూస్తుండగానే చిక్కబడి, సిరాలాగా నల్లగా అయిపోయింది. తవిటమ్మ గ్లాసును గుమ్మంలో వెలుగుకి పట్టుకుంది. అవతల వైపు వేళ్లు కనబడలేదు.

"అత్తా, మందులతో ఆటలేటి?" అంటూ వచ్చిన యమున కూడా వంగి చూసి నోరు తెరిచింది.

అంతలో కొండబాబు వచ్చి, కాఫీ అనుకున్నాడో ఏమో, ఆ నల్ల గ్లాసు అందుకోబోయాడు. "ఒలమ్మో, తాగీకు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

ఆ రోజు నుంచి ఒడ్డున టీ లేదు. తెల్లారగట్ల నిమ్మనీళ్లతో మాత్ర, చేపలమ్మేశాక బజార్లో టీ. మొదట్లో వికారంగా ఉండేది. ఉష సలహా మీద ముందు రెండు ఇడ్లీలు తినడం మొదలుపెట్టాక సర్దుకుంది.

నెల కావస్తుండగా ఒక సాయంత్రం అన్నానికి బియ్యం కొలుస్తూ, పది రోజులుగా ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోలేదన్న సంగతి తవిటమ్మకు తట్టింది. నాలుగు గింజలు నమిలి చూసింది. ఉత్త పచ్చి బియ్యం, రుచీ పచీ లేదు. మొన్నటి దాకా ఆగలేకపోయిన నోరు ఇదేనా అనుకుంది. తర్వాత యమునను పిలిచి బియ్యం సంగతి చెప్పేసింది. యమున కడుపు పట్టుకుని నవ్వి, ఎలుకల బోను తీసుకెళ్లి అటక మీద పడేసింది.

మూడు నెలలకు మిషన్ పదిన్నర చూపించింది. నెలసరి కూడా అయిదు రోజులకు దిగింది.

"పన్నెండొచ్చాక కూడా మూడు నెలలు వేసుకోవాలి పిన్నీ. లోపల నిల్వ నిండాలి కదా" అంది ఉష.

"నిల్వా? ఎక్కడుంటాదది?"

"ఎముకల్లో, కాలేయంలో" అంటూ ఉష కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూపించింది.

తవిటమ్మ కూడా అక్కడే చెయ్యి ఆనించుకుంది. "ఎంత పడతాదమ్మా అందులో?"

ఉషకు తెలియలేదు. డాక్టరమ్మనడిగి వచ్చే నెల చెబుతానంది.

"మరిసిపోకు, నానడుగుతాను" అని తవిటమ్మ మాత్రల అట్ట బొడ్లో దోపుకుని లేచింది.