లాభంతో మొదలయ్యే లెక్క

ఆ రోజుల్లో ఏది చూసినా తీసిపారేయాలనిపించేది నాకు. వైట్‌ఫీల్డ్ ఉద్యోగం పొట్ట కోసం. శనివారాలు మాత్రం, కాడుగోడి స్టేషన్ దగ్గరి దర్శిని హోటల్లో కూర్చుని, యాప్‌లలోని మాటల్నీ అంకెల్నీ ఎవరి భాషలో వాళ్లకు చూపించే ఒక ఉచిత కోడ్ లైబ్రరీకి సమర్పయామి. (ఉచితమంటే మాకూ పైసా రాదు, కాఫీ కూడా సొంత ఖర్చే.) మా జట్టుకు పెద్ద ఒక కోలారు మనిషి, ఆయనకు మేం పెట్టిన పేరు కత్తెరన్న. ఏళ్లుగా పేరుకుపోయిన సదుపాయాలు తీసేసి కొత్త వెర్షన్‌ను తేలిక చేయాలని ఆయన పంతం. దేని తరఫునైనా ఒక్కరు చెయ్యెత్తితే అది ఉంటుంది, లేదంటే కోత. అంకె బదులు వేరే మాట చూపించే సదుపాయం చర్చకు వస్తే, "ఎవరు వాడతారన్నా దీన్ని?" అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. అంతటితో ఊరుకున్నానా? అది తీసేసిన ప్రయోగపు వెర్షన్‌ను నగర్తపేటలో మా మేనమామ పప్పుల మండీలో, కాటా పక్కన మూటల లెక్క చూపించే తెరకు ఎక్కించేశాను కూడా.

తుది నిర్ణయం రోజు పొద్దున్నే మామ ఫోన్. "ఏం అల్లుడా, తెర మీద ఒకటి అని వచ్చిండాది. లాభం యాడికి పాయె? లారీ నిలబడుకోనుండాది, హమాలీలు మూట ముట్టేది లేదంటాండారు!" మా మండీల్లో మొదటి మూటను ఒకటి అనరు, శుభమని లాభం అంటారు; ఆ తరువాతే రెండు, మూడు. పుట్టినప్పటి నుంచి విన్న మాటే, తెర మీదా ఆ సదుపాయంతోనే అది వస్తోందని మాత్రం నా బుర్రకు తట్టలేదు. ఫోన్‌లో లారీ వెనక ఇరుక్కున్న బండ్ల హారన్లు, ఎవరో కన్నడంలో తిట్లు. ఇవతల దర్శిని బల్ల దగ్గర కత్తెరన్న, "దీని తరఫున ఎవరూ లేరా? అయితే కోసేద్దాం" అంటూ కీ మీద వేలు పెట్టాడు. పరువా, మామా? చెయ్యెత్తాను.

"నువ్వే కదప్పా తీసేయమన్నావు! ఎవరు వాడతారు?" అన్నాడు కత్తెరన్న.

"మా మామ."

బల్ల చుట్టూ నవ్వులు. సిగ్గుపడుతూనే సంగతి చెప్పాను. ఆయన మాత్రం నవ్వలేదు. "మా అవ్వ రాగులు కొలిచేటప్పుడు లాభం అనే మొదలుపెట్టేది. నేనే మరిసిపోయినా" అని కీ మీది వేలు వెనక్కి తీసుకున్నాడు. మండీ తెరకు పాత వెర్షన్ ఎక్కించాను. ఫోన్‌లో హమాలీ గొంతు "లాభం!" అంది, మూట ధబ్బున లారీలో పడింది.

మామ మండీ మూసేసి చాలా కాలమైంది. ఇప్పటికీ కొత్తగా చేరిన కుర్రాళ్లెవరో ఒకరు ఆ సదుపాయం మీద పడి, "ఎవరు వాడతారు సార్ దీన్ని?" అంటారు, అచ్చం నా గొంతుతో. నవ్వొస్తుంది. చెయ్యెత్తి, "మా మామ" అంటాను.