నేను చెప్పుతో తొక్కిన నిమ్మకాయలు

మా చిన్నప్పుడు ఆయుధపూజ రోజున నాయన తన అంబాసిడర్ టాక్సీని కడిగి, బొట్లు పెట్టి, చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టేవాడు... తాళం నా చేతికిచ్చి "మెల్లిగా పోనీ మే" అనేవాడు. కాయలు చితికేదాకా ఆ నాలుగడుగులే ఏడాదికి నా డ్రైవింగు.

ఇంటర్‌లో చేరిన ఏడు మాత్రం నా తల నిండా కరపత్రాలు... చిత్తూరు బస్టాండులో ఎవరు ఏది పంచినా వదలకుండా చదివేదాన్ని. మూఢనమ్మకాల మీద ఒకటి, దోపిడీ మీద ఒకటి. "నిమ్మకాయ తొక్కకపోతే ఏమవుతుందో చూస్తా" అనుకున్నాను.

నాయన హారతి పళ్లెం కోసం లోపలికి వెళ్లాడు. స్టీరింగు బలంగా ఎడమకు తిప్పాను. కోపంలో కాలు కూడా గట్టిగా పడినట్టుంది... ముందున్న కాయలు రెండూ తప్పాయి గానీ, ఎడమ చక్రం పోయి కాలువ గట్టు రాతిని గుద్దింది.

"ఏందే ఆ సప్పుడు?" లోపల్నుంచి నాయన.

"ఏం లేదు, గేరు."

బండి వెనక్కి తీసి, చక్రం కింద పడకుండా తప్పిన కాయలు రెండూ నా చెప్పుతోనే చితక్కొట్టాను. మూఢనమ్మకాలకు ఎదురు తిరిగిన మనిషిని నేను...

రెండు నెలలకు ఆ ఎడమ టైరు బయటి అంచు నున్నగా అరిగింది. లోపలి వైపు అచ్చులు మాత్రం కొత్తవాటిలాగే ఉన్నాయి. ఆ టైరు అమ్మింది టాక్సీ స్టాండు పక్కనే కొట్టున్న మస్తాన్ భాయ్. నాయన వెంట వెళ్లి, డ్రైవర్లందరూ వింటుండగా "పేదోళ్లకు నాసి టైర్లు అంటగడతావా?" అని అరిచాను. కరపత్రంలోని మాటలన్నీ వాడేశాను.

భాయ్ గొంతుక్కూర్చుని అరచేత్తో టైరు నిమిరాడు.

"నడుమ అరిగితే గాలి ఎక్కువైనట్టు. రెండంచులూ అరిగితే గాలి తక్కువైనట్టు. ఇది ఒక పక్కే పోయింది సూడప్పా... చక్రం వంకరగా తిరగతా ఉండాది. యాడన్నా తగిలిందా?"

"నా బండి నేను తప్ప ఎవురు ముడతారు? యాడా తగల్లేదు" అన్నాడు నాయన.

నేను నేల చూశాను...

ఆ రోజు నుంచి డ్రైవర్లు భాయ్ కొట్టు దాటి వేరే చోటికి పోసాగారు. కాలేజీకి వెళ్తూ రోజూ చూసేదాన్ని... ఖాళీ కొట్లో ఒక్కడే కూర్చునేవాడు. నాయన ఇంకెక్కడో కొత్త టైరు కొన్నాడు. అదీ అదే అంచు అరగసాగింది. ఆ చక్రం మీదే వేలూరు ఆసుపత్రికి రోగుల్ని తీసుకెళ్తున్నాడు. రాత్రి బండి వచ్చేదాకా వాకిట్లోనే కాచుకునేదాన్ని.

ఒక పొద్దున నేరుగా స్టాండుకే వెళ్లాను. అందరి ముందూ, ఆనాటి గొంతుతోనే... "నాయనా, బండిని రాతికి కొట్టింది నేనే. భాయ్ టైరు మంచిదే."

"ఉపన్యాసం శానా బాగుండాది మే. ఇంగోసారి చెప్పు" అన్నాడొక డ్రైవరు.

ఇంకోసారి చెప్పాను.

నాయన బండి తీసి భాయ్ కొట్టు ముందు ఆపాడు. భాయ్ వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం లాగి, ఒక కొస నా చేతిలో పెట్టాడు.

"బిగ్గా పట్టుకో పాపా. కోపంగా కాదు, బిగ్గా."

దారం చూసుకుంటూ చక్రం వెనక వంగిన కడ్డీని సరిచేశాడు. తర్వాత నా అరచేయి టైరు మీద పెట్టించాడు. "కరపత్రాలు సదివినావు గదా, దీన్నీ సదువు. రంపం మాదిరి గరుగ్గా తగిలిందంటే అప్పుడే రా... అంతా అరిగినాక వస్తే నేనేం చేసేది?"

ఇప్పుడు నా కారు చక్రాలను కంప్యూటరు సరిచూస్తుంది. తెరమీద అంకెలు వస్తాయి, కాగితం చేతికిస్తారు... అయినా రోడ్డెక్కే ముందు ఒకసారి టైరు నిమరందే నాకు తోచదు. "యాడన్నా తగిలిందా?" అని నా మొహంలోకి చూసి అడిగేవాళ్లే ఇప్పుడు లేరు.

మీరూ మీ నాయన బండిని ఏ రాతికో కొట్టి దాచే ఉంటారు... ఇన్నేళ్లయింది, ఇక్కడైనా చెప్పేయండి.