జానెడు జరిపిన గీత

ఎనిమిదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. కొలిస్తే జానెడు. ఆ జానెడు సంగతి మా వారికి తెలియదు, మా అమ్మాయికి తెలియదు, మా ఇంట్లో భోంచేసి ఇల్లంతా మెచ్చుకుని వెళ్ళిన చుట్టాలెవరికీ తెలియదు. మొదట ఈ కాగితానికే చెబుతున్నాను.

ఇప్పుడే ఎందుకంటే, మా ఊరి గ్రంథాలయం వాళ్ళు వచ్చే వారం నన్ను మాట్లాడమన్నారు. పుస్తకాలు చదివి, దగ్గరుండి పాత ఇంటిని నిలబెట్టుకున్న గృహిణిగా నన్ను పరిచయం చేస్తారట. ఆ వేదిక ఎక్కేలోపు అసలు జరిగింది కాగితం మీద ఉండాలి. లేకపోతే ఆ అబద్ధానికి నేనే దండ వేసినదాన్నవుతాను.

నేను పదో తరగతితో బడి మానేశాను. తర్వాతి చదువంతా గ్రంథాలయంలోనే. బీరువా తర్వాత బీరువా, వరసగా చదివాను. వ్యవసాయం, వైద్యం, చరిత్ర, ఏదీ వదల్లేదు. ఇది గొప్పగానే చెబుతున్నాను. ఆ గొప్పే నన్ను ముంచింది కాబట్టి దాచి లాభం లేదు.

మాది ఆత్రేయపురం దగ్గర కాలువ గట్టున మండువా ఇల్లు. నడిమధ్యన ఆకాశం, చుట్టూ పెంకుల కప్పు. వెనక గోడ ఉబ్బిపోయింది. దాని మీద ఆనిన మూడు టేకు దూలాల కొసలు చెదలు తినేశాయి. అందరూ పడగొట్టి డాబా వేసుకోమన్నారు. వీర్రాజు మేస్త్రి గారు ఒక్కరే వేరేగా మాట్లాడారు. పెద్దాపురం నుంచి మోపెడ్ మీద వచ్చి, గోడలన్నీ అరచేత్తో తట్టి చూసి, "ఇల్లు బానే ఉందండి అమ్మగారూ, నడుం నొప్పంతే" అన్నారు. ఆయన ఎవరింట్లోనైనా వాళ్ళ అలవాట్లు కనుక్కున్నాకే పని మొదలుపెడతారని విన్నాను. నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మీరెక్కడ కూర్చుని చదువుకుంటారండి?"

నా జీవితంలో నన్నెవరూ అడగని ప్రశ్న అది! వెనక గదిలో కిటికీని కిందకి దించి, దాని అరుగు నేను కాళ్ళు చాపుకునేంత వెడల్పు చేస్తానన్నారు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. పని మొదలయ్యాక పొద్దున్నే లేచి పాత పెంకుల వరసలు లెక్కపెట్టేదాన్ని. ఇసుక లారీ హారన్ వినబడితే చిన్నపిల్లలా వీధిలోకి పరిగెత్తేదాన్ని. గోడ కూలింది, దూలాలు దిగాయి, పాడైన కొసలు కోసేశారు. మిగిలిన పొడవుకి సరిగ్గా సరిపోయేట్టు మేస్త్రి గారు కొత్త గోడ లేవాల్సిన చోట నేలలో మేకులు పాతి, నూలు దారం కట్టి, దాని వెంట ముగ్గు పోశారు.

నేను గ్రంథాలయం నుంచి తెచ్చిన వాస్తు పుస్తకం తీశాను. ఇంటి వైశాల్యాన్ని తొమ్మిదితో హెచ్చించి ఎనిమిదితో భాగిస్తే ఒకటి మిగలాలి. అది ధ్వజాయం, అన్నిటికన్నా మంచిది. మాకు మిగల్లేదు. గోడ జానెడు వెనక్కి జరిపితే మిగులుతుంది.

"ఆయం కుదరట్లేదండి మేస్త్రి గారూ. జానెడు జరపాలి" అన్నాను.

"ఆ పుస్తకం రాసినాయన మన దూలాలు చూశాడాండి?"

"చూడకపోతే ఏంటండి, లెక్క లెక్కే కదా!"

"లెక్క గాల్లో నిలబడుద్దండి. దూలం నిలబడదు" అని నవ్వారు. కూలీలూ నవ్వారు. అందులో ఒకావిడ, "అమ్మగారు పుస్తకాన్నే గోడ కట్టేస్తారేమో!" అంది.

అందులో ఎగతాళి ఉందా? ఇప్పుడు ఆలోచిస్తే లేదు. ఆ పూట మాత్రం నా ఒళ్ళంతా మండింది.

వాళ్ళు మధ్యాహ్నం భోజనాలకి వెళ్ళారు. నేను రెండు మేకులు పీకి జానెడు అవతల పాతాను. నూలు దానంతటదే వెనకాలే వచ్చింది. పాత గీతని కాలితో చెరిపి కొత్త గీత పోశాను. ముప్పై ఏళ్ళుగా రోజూ వాకిట్లో ముగ్గు వేస్తున్న చెయ్యి నాది. ఎక్కడా వంకర రాలేదు, ఎక్కడా మందం కాలేదు. ఆయన గీతకీ నా గీతకీ తేడా ఆయనకే తెలియలేదు. నిజం చెప్పాలా? ఆ క్షణంలో నాకు భయం కాదు, పండగలా అనిపించింది.

ఒకసారి గీసిన గీతని మళ్ళీ కొలవడం ఆయనకి అలవాటు లేదు. పునాది తవ్వారు. గోడ లేచింది. దూలం పైకెత్తిన రోజు దాని కొస గోడకి అందలేదు. రెండో దూలమూ అందలేదు. మేస్త్రి గారు టేపు పెట్టి మూడుసార్లు కొలిచారు. పక్కింటి పనిలో ఉన్న ఇంకో మేస్త్రి గోడ మీదినుంచి, "ఏంటండి వీర్రాజు గారూ, గోడ కాలవలో స్నానానికి బయల్దేరిందా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. వీర్రాజు గారు నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, "నా చెయ్యి తప్పిందండి అమ్మగారూ. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు" అన్నారు.

అప్పుడైనా చెప్పచ్చు కదా? నోరు తెరిచాను కూడా. వచ్చిన మాట ఇది: "పర్లేదులెండి మేస్త్రి గారూ. వయసు కదా."

మేకులు జరపడం కన్నా పెద్ద తప్పు ఆ మాటే. నేను ఎంత మర్యాదగా అన్నానో ఆయన దాన్ని అంత పూర్తిగా నమ్మేశారు. వడ్రంగి అప్పారావు గారు మూడు దూలాలకీ అతుకులు వేశారు. ఇల్లు పూర్తయింది, చక్కగా ఉంది, కిటికీ అరుగు మాటిచ్చినట్టే వచ్చింది. చూడడానికి వచ్చినవాళ్ళు అతుకులేంటని అడిగితే "మేస్త్రి గారి కొలత తప్పింది" అని నేనే చెప్పాను. ఒకసారి కాదు, అడిగిన ప్రతిసారీ.

ఆయన రాజమండ్రి వెళ్ళి కళ్ళు పరీక్ష చేయించుకున్నారు. కళ్ళు బాగానే ఉన్నాయన్నారట. ఆయన నమ్మలేదు. ఇళ్ళు ఒప్పుకోవడం మానేసి వేరేవాళ్ళ దగ్గర ప్లాస్టరింగ్ పనికి కుదిరారు. తర్వాత నేను ఇంకో పుస్తకంలో చదివాను, కొలత గోడ లోపలి నుంచి కాదు, బయటి నుంచి తీసుకోవాలని. ఆ లెక్కన వేసి చూస్తే మేస్త్రి గారి మొదటి గీతకే ఒకటి మిగిలింది.

పోయిన నెల మండపేటలో ఒక పునాది పని దగ్గర ఆయన్ని చూశాను. నూలు కొస కాసేపు పట్టుకోమని ఎవరో అందించారు. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

ఇదంతా రాసేశాను. రాస్తుంటే గుండె ఇసుక లారీ వచ్చిన రోజులా కొట్టుకుంటోంది. రేపు పొద్దున్న మొదటి బస్సుకి ఈ కాగితాలు ఆయన దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఏమంటారో తెలియదు. ఏమన్నా పడతాను.

ఇల్లు నిలబడటానికి సాయపడినవాళ్ళకి వేదిక మీద చెప్పాల్సిన కృతజ్ఞతలు ఇక్కడే చెబుతున్నాను. అడిగిన ప్రతి పుస్తకం వెతికి ఇచ్చిన లైబ్రేరియన్ సూర్యకాంతం గారికి. అతుకుల్ని కూడా అందంగా వేసిన అప్పారావు గారికి. ఎండలో ఇటుకలు మోసిన మంగ గారికి, నూకాలమ్మ గారికి. వీర్రాజు మేస్త్రి గారికి. అయ్యా, ఆ రోజు మీ చెయ్యి తప్పలేదు. మేకులు జరిపింది నేను.